తోళ్ల బండి వెంట గద్దలు

హాలియా వాగు నుంచి అమ్రాబాదు గుట్టల దాకా పోయి పన్నెండు రోజులకు తిరిగొచ్చాను. మా ఊరి ఆడవాళ్లలో దేవరకొండ దాటినవాళ్లు లేరు. అందుకే కోట చూశావా, పులి కనిపించిందా అని అడుగుతుంటారు. కోటను దూరం నుంచి చూశాను. పులి కనిపించలేదు. నేను చూసినవన్నీ కాకులు, గద్దలు, రాబందులు. చచ్చిన గొడ్డు దగ్గర ఎవరు ముందు తింటారో, ఎవరు ఎవరికి జంకుతారో ఇప్పుడు నాకు మా మగ్గం పోగులు తెలిసినంత బాగా తెలుసు. అది తెలుసుకుందామని మాత్రం పోలేదు. మా తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకుందామని పోయాను.

తమ్ముడి పేరు యాదగిరి. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. పెంచింది నేను. పెద్దవాడై నాకు అక్షరాలు నేర్పింది వాడు. దొరల మీద జనం తిరగబడ్డప్పుడు దళంలో చేరాడు. నిజాం పోయి మిలటరీ వచ్చాక కొందరు ఇళ్లకు తిరిగొచ్చారు, వీడు రాలేదు. ఎండలు ముదిరాక గాజులమ్మే ఆవిడ కబురు తెచ్చింది. పిక్కలో తూటా దిగిందట. గుట్టల కింద ఒక ఊరి దగ్గర బండల సందులో పడి ఉన్నాడట. తోలు పని చేసే ఎల్లయ్య అనే ఆయన తిండి పెడుతున్నాడట. ఊరికి రెండు మైళ్లలో పోలీసుల క్యాంపు పడింది కాబట్టి తొందరగా తీసుకుపొమ్మన్నాడట.

వయసు మగవాడు దారిలో కనిపిస్తే పట్టుకుంటున్న రోజులవి. అందుకని మా ఆయన్ను మగ్గం మీదే ఉండమని, ముసలివాడైన మా మేనమామ రాజయ్యను వెంటబెట్టుకుని చీరెల మూటతో నేనే బయలుదేరాను.

హాలియా వాగు

వాగులో చుక్క నీళ్లు లేవు. ఇసుకలో చెలమ తీసి ముంత నింపుకున్నాం. మూటలో పన్నెండు చీరెలున్నాయి. ఏడో చీరె మడతల్లో గాయానికి పోసే టించరు సీసా, దూది, పాత బట్ట పేలికలు దాచాను. ఆ చీరె ఎవరికీ చూపొద్దని నాకు చెప్పి, దారి పొడుగునా మామ దాన్నే తడుముతూ నడిచాడు.

"మామా, గట్ల తడిమితే గుడ్డోనికి గూడ అనుమానమొస్తది" అన్నాను.

"నీకేం ఎర్క? మూట జారుతాంది, జర సర్దుతున్న" అన్నాడు.

రెండో రోజు బాట పక్కన బర్రె ఒకటి చచ్చి పడి ఉంది. కాకులు కళ్లు పొడిచేశాయి. తుమ్మచెట్టు మీద గద్దలు, కింద నేల మీద మూడు రాబందులు కూర్చుని ఉన్నాయి. అంత పెద్ద గొడ్డు ముందుంటే ఒక్కటీ తినడం లేదు.

"కడుపు నిండి ఉంటది" అన్నాను నేను.

మామ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నాడు. నిజానికి ఆయనకూ తెలియదు. ముక్కు మూసుకుని ఇద్దరం గబగబా దాటిపోయాం. చచ్చిన గొడ్డు గాలి సోకినా స్నానం చేయాలనే ఇంట్లో పుట్టినవాళ్లం.

దేవరకొండ నాకా

ఊరి బయట రోడ్డుకు అడ్డంగా వాసం కట్టి నాకా పెట్టారు. జమేదారు మంచం మీద కూర్చుని తాటిముంజలు తింటున్నాడు. మూట విప్పించాడు. ఒక్కొక్క చీరె లాఠీతో లేపుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆరో చీరె ఎర్రంచుది. దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, పక్కన పెట్టుకున్నాడు. ఏడో దాని మీదికి లాఠీ పోలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మామ చేతులు కట్టుకుని, "మీ ఇంట్ల అమ్మగారికి మంచిగుంటది దొరా" అన్నాడు. రెండు వారాల నా నేత అట్లా పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను.

చీరె వచ్చిన సంతోషంలో ఆయనకు మాటలు పెరిగాయి. గుట్టల వైపు పోతున్నామంటే నవ్వాడు.

"గుట్టల్ల దాక్కున్నోళ్లను ఎట్ల పడ్తున్నమో ఎర్కేనా? కుక్కలతోని గాదు. ఆస్మాన్ మాకు అఖ్బార్ లెక్క. పొద్దున లేచి పేపరు సదివినట్టు పైకి చూస్తం. ఏడ గద్దలు తిరిగితే ఆడ మేకన్న కోసిండ్రు, మనిషన్న సచ్చిండు." ముంజ ఒకటి నోట్లో వేసుకుని మళ్లీ అన్నాడు. "కాకి వాలిందా, అయిపోయినట్టు. వాలకుంట తిరుగుతాందా, ఇంక ఊపిరున్నట్టు."

వాసం దాటిన తరువాత చాలా దూరం నేను తల దించి నడవలేదు. ఆకాశం వైపే చూస్తూ నడిచి, రాయి తగిలి కాలి గోరు ఊడగొట్టుకున్నాను.

దిండి దాటాక

దిండి దాటితే తిండి మారుతుంది. మా వైపు జొన్నరొట్టె లేనిది ముద్ద దిగదు. అక్కడ జొన్నరవ్వ ఉడికించిన గటుకలో చల్ల పోసుకుని, చింతకాయ తొక్కు నంజుకుని పొద్దు వెళ్లదీస్తారు. ఒక రైతు ఇంటి అరుగు మీద ఇద్దరికీ గటుక పోశారు. పైసలిస్తే ఇంటావిడ తీసుకోలేదు. "అన్నం అమ్ముకుంటమా?" అని కసిరి, చీరె దగ్గరికొచ్చేసరికి మాత్రం అణా అణాకు గీచి గీచి బేరం చేసింది. బాటకు అటూ ఇటూ తునికి పండ్లు రాలి ఉన్నాయి. ఏరుకు తిన్నాం. మామ ఎక్కువ తిని కడుపునొప్పితో ఒక పూట పడుకున్నాడు. ఆ పూట నాకు ఏడుపొచ్చింది. అక్కడ తమ్ముడు ఏమయ్యాడో తెలియదు, ఇక్కడ ఈయన కడుపు పట్టుకుని దొర్లుతున్నాడు.

అచ్చంపేట సంతలో మేక కాళ్లు నాలుగు కొన్నాను. కాలి దెబ్బకు మేక కాళ్ల పులుసు, పాయ, తాగించాలని మా ఇళ్లలో నమ్మకం. ఆ కొనడమే ముందు ముందు మా కొంప మీదికి తెచ్చింది.

ఎల్లయ్య ఇల్లు

ఆ ఊరి పేరు ఇప్పటికీ రాయను. ఎల్లయ్య ఇల్లు ఊరికి దూరంగా, వాగు ఒడ్డున ఉంది. తోళ్లు నానబెట్టే లంద వాసన ఇల్లు కనిపించకముందే తగిలింది. ఎండిన తోళ్లు కట్టెలకు వేలాడుతున్నాయి. బక్కగా, పొడుగ్గా ఉన్న మనిషి. నన్ను చూడగానే, "యాదగిరి అక్కవేనా? గా ముక్కు చూస్తేనే తెలుస్తాంది" అన్నాడు. మంచం వేశాడు. నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

"ఊరి బాయి అగో గా మూలకుంది తల్లీ. మేం ముట్టం దాన్ని. మీరే చేదుకోండ్రి."

మేం అడగక ముందే, మాకు ఇబ్బంది లేకుండా చెప్పాడు. నేను పోయి చేదుకుని తాగాను. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

సాయంత్రం మాటల్లో దారిలో చూసిన బర్రె సంగతి వచ్చింది. ఎల్లయ్య పకపక నవ్వాడు.

"కడుపు నిండి గాదు, తోలు తెగక కూసున్నయ్. కాకి ముందుగాల చూస్తది. దాని అరుపుకు గద్దొస్తది. గద్ద దిగుడు చూసి తెల్లగద్దలు, గాటెనుక రాబందులు. కని తోలు కోసే ముక్కు ఎర్రమెడ రాబందుకే ఉంటది. దాన్ని మేం దొర అంటం. ఒక్కతీరు ఆలుమొగలు ఇద్దరే వస్తరు. దొర కోసిందాక అందరు కూసోవాలె. ఊరి దొర గడి విడిచి పట్నం పోయిండు గని, గీ దొర యాడికి పోలె!"

ఊళ్లో గొడ్డు చస్తే రైతు ఆయనకే కబురు పెడతాడు. తోలు ఎల్లయ్యది, మాంసం పక్షులది. దొర రాకముందే ఆయన కత్తి చేరాలి. దొర ముక్కు పడితే తోలుకు చిల్లులు పడతాయి. ఆయన బతుకంతా ఆ పక్షితో పందెమే.

బండల సందు

మర్నాడు అమావాస్య. తెల్లవారుతుండగానే ఎల్లయ్య నన్ను బండల దగ్గరికి తీసుకుపోయి దింపి, గొడ్డు చచ్చిందని ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. యాదగిరి గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, నాన్న చివరి రోజుల్లో ఉన్నట్టు ఉన్నాడు. నన్ను చూసి, "అక్కా, లెక్కలేమన్న మర్చిపోయినవా? ఎక్కం చెప్పు" అన్నాడు. వాడి కాలి కట్టు విప్పాను. టించరు పోస్తుంటే పళ్ల మధ్య గుడ్డ కరుచుకున్నాడు కానీ కేక పెట్టలేదు.

రాళ్ల మధ్య పొయ్యి పెట్టి పాయ వండాను. వాడు ఆబగా తాగుతుంటే నా కడుపు నిండినట్టయింది. అప్పుడే అమావాస్య గుర్తొచ్చింది. మా ఇంట్లో అమావాస్యనాడు అమ్మ పేర కాకికి ముద్ద పెట్టనిదే నేను తినను. ఒక ముద్ద, దాని పక్కన రెండు ఎముకలు పై బండ మీద పెట్టి, దండం పెట్టుకుని కాకిని పిలిచాను. కాకి వెంటనే వచ్చింది. అమ్మ తృప్తి పడిందని పొంగిపోయాను.

గడియ తిరక్కముందే పది కాకులయ్యాయి. తర్వాత గద్దలు వచ్చాయి. కోడి నడకతో పచ్చ మొహం తెల్లగద్దలు రెండు బండ మీదికి దిగాయి. తల ఎత్తితే మరీ పైన, చుక్కల్లాగా రాబందులు తిరుగుతున్నాయి. ముద్ద ఎప్పుడో అయిపోయింది కానీ, కింద నెత్తురు గుడ్డలున్నాయి, చీము వాసన ఉంది. రాళ్లు రువ్వితే లేస్తాయి, మళ్లీ వాలుతాయి. జమేదారు మాట చెవిలో గింగురుమంది.

ఎల్లయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం జేసినవ్ తల్లీ? మీ ఊళ్లె కాకికి పెడితే పుణ్యం. ఈడ కాకికి పెడితే క్యాంపుకు కబురు పంపినట్టే!"

నేను చెంపలేసుకున్నాను. ఏం లాభం? ఆ సరికి క్యాంపు వైపు నుంచి దుమ్ము లేచింది. ఆరేడుగురు మనుషులు బండల దిక్కు వస్తున్నారు.

బీట్లో ఎద్దు

బండల కింద ఎల్లయ్య ఆపి వచ్చిన బండి దగ్గర మామ ఉన్నాడు, పొద్దున చచ్చిన ఎద్దు దానికి తాడుతో కట్టే ఉంది. పక్షులను బండల మీద నుంచి మళ్లించాలని, అర మైలు దూరంలో ఉన్న బీడు నేలలోకి ఎల్లయ్య దాన్ని ఈడ్పించాడు. ఎద్దులకు బలం చాలకపోతే మామ, నేను వెనక నుంచి నెట్టాం. మామ ముందు చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. సగం దారిలో అది జారి పడిపోయింది. తీసుకోవడానికి ఆగలేదు.

ఎప్పుడూ తోలు చెక్కు చెదరకుండా తీసే మనిషి ఆ రోజు కడుపు మీద ఇష్టం వచ్చినట్టు గాట్లు పెట్టి ఒలిచాడు. గాట్లు పడ్డ తోలుకు సగం ధర కూడా రాదు. "తోలు తీయకుంటె ఎవ్వడు దిగడు. దొర వచ్చేదాక ఆగే తీరిక మనకు లేదు" అన్నాడు. మాంసం బయటపడగానే ముగ్గురం తంగేడు పొదల వెనక్కి పోయి పడుకున్నాం.

ముందు ఒక్క కాకి వచ్చింది. పక్కకు తల తిప్పి చూసింది. తోక పట్టి లాగి వెనక్కి ఎగిరింది. మళ్లీ లాగింది.

"ఊపిరుందేమోనని చూస్తాంది. కాకంత అనుమానం ఎవ్వలికుండది" అని గుసగుసగా చెప్పాడు ఎల్లయ్య.

ఆ కాకి అరిచింది. గద్దలు దిగాయి, నేల మీద నిలవకుండా ముక్క తన్నుకుపోయి గాలిలోనే తినడం మొదలుపెట్టాయి. ఒకదాని కాళ్లలోది ఇంకొకటి గుంజుకోబోతే ముక్క జారింది, కింద కాకి పట్టింది. బండల మీది తెల్లగద్దలు ఇటు వచ్చాయి. రాబందులు మాత్రం ఇంకా బండల మీదే తిరుగుతున్నాయి. దుమ్ము బండలకు పావు మైలులో ఉంది. అమ్మా, నీ పేరనే పెట్టాను, నువ్వే కాపాడు అని మొక్కాను.

"దొర రావాలె. దొర దిగితే పైనున్నోళ్లందరు దిగుతరు" అన్నాడు ఎల్లయ్య.

చాప చించినట్టు చప్పుడైంది. ఎర్రమెడది నేల మీద వాలింది. గద్దలు జరిగాయి, కాకులు జరిగాయి. అది తాపీగా నడిచి వెళ్లి తినసాగింది. దాని జోడు వచ్చి పక్కన నిలబడింది. ఆ తర్వాత ఆకాశమే కూలినట్టు బండల మీదున్న రాబందులన్నీ వచ్చి పడ్డాయి. మొదటి రెండింటిని దొర మెడ చాచి తరిమింది. పది వచ్చేసరికి రెక్కలు విప్పి బుసకొట్టింది. ఇరవై ముప్పై అయ్యాక నెమ్మదిగా తప్పుకుని దూరంగా కూర్చుంది.

ఆ భయంలోనూ ఎల్లయ్య నవ్వాడు. "సూసినవా? ఒక్కడొక్కడొస్తేనే దొర. మంది కలిసొస్తే దొర గూడ పక్కకే. నీ తమ్ముడొచ్చి మాకు చెప్పిండు గని, మేం గీటిని చూసి ఎప్పుడో నేర్సుకున్నం."

దుమ్ము ఆగింది, ఇటు తిరిగింది. ఎల్లయ్య లేచి, తోలు భుజాన వేసుకుని ఎదురు పోయాడు. వాళ్లు పక్షుల మీద రాళ్లు విసిరి, ఎద్దును చూసి, ఎల్లయ్యను నాలుగు బూతులు తిట్టి, ముక్కులు మూసుకుని వెనక్కి పోయారు. పొదల వెనక మామ నా చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మళ్లీ నాకా

ఇక అక్కడ ఒక్క రోజు కూడా ఉండకూడదని తోళ్ల బండి కట్టాం. దేవరకొండ అవతల ఒక షావుకారుకు ఎల్లయ్య ఏటా తోళ్లు తోలతాడు. ఎండి బిరుసెక్కిన తోళ్లను గూడులా నిలిపి, లోపల యాదగిరిని పడుకోబెట్టి, పైన పచ్చి తోలు పరిచాడు. మూడు రోజులు కాకులూ గద్దలూ మా వెంటే వచ్చాయి. దారిన పోయేవాళ్లు వాసనకు దూరం జరిగారు. నాకా చేరే ముందు రోజే మామ చీరెలతో విడిగా వెళ్లిపోయాడు.

అదే వాసం, అదే జమేదారు. బండి ఆపాడు. మంచం మీద నుంచి లేవలేదు కానీ చూపు మాత్రం తోళ్ల మీద పెట్టాడు. గద్ద ఒకటి పచ్చి తోలు మీదికి దూకి పీక్కుపోయింది. కాకులు ముందు వైపు వాలి పొడుస్తున్నాయి. వెనక మూలకు వచ్చేసరికి ఒక కాకి వాలబోయి, ఆగి, ఎగిరింది. ఇంకొకటి కూడా అంతే. ఆ మూల తోలు సన్నగా లేస్తోంది, దిగుతోంది.

"గా మూలకు కాకి ఎందుకు వాలుత లేదు?" అన్నాడు జమేదారు. లాఠీ తీసుకుని లేచాడు.

నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. చక్రం మీద కాలు పెట్టి బండెక్కి, ఆ మూల పచ్చి తోలు మీద చతికిలబడ్డాను. చీరెలోంచి తడి ఒంటికి తగిలింది. నా బరువు కింద తమ్ముడి భుజం తెలుస్తోంది, వాడి ఊపిరి తెలుస్తోంది.

"నేను కూసునే జాగ అయ్యా గిది. అందుకే వాలుతలెవ్వు" అన్నాను.

"నువ్వు చీరెలమ్మినదానివి గదూ?"

"అవునయ్యా. అమ్ముడుపోయినయ్. మా అన్న బండి మీద ఇంటికి పోతున్న."

"వీడు నీ అన్నా?"

ఎల్లయ్య తల దించుకుని నిలబడి ఉన్నాడు. "అవునయ్యా, మా అన్న" అన్నాను.

జమేదారు నా చీరె మీద పాకుతున్న నెత్తురు నీళ్లు చూశాడు. ఇంకో జాతి ఆడది అట్లా కూర్చోదని ఆయన లెక్క. ఉమ్మేసి, వాసం ఎత్తమని సైగ చేశాడు. "దీని చీరెనా నేను ఇంటికి పంపింది!" అని గొణుక్కోవడం వినిపించింది.

మైలు దాటాక ఎల్లయ్య కళ్లు తుడుచుకున్నాడు. లోపలి నుంచి యాదగిరి, "అక్కా, జర జరుగు, సచ్చేటట్టున్న" అన్నాడు. ముగ్గురం నవ్వలేక చచ్చాం.

మా వాకిలి

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అయినా ఇది రాయకపోతే పైదంతా రాసి ప్రయోజనం లేదు.

యాదగిరిని మగ్గం గదిలో పడుకోబెట్టారు. నన్ను దొడ్డి దారిన పంపి, పసుపు నీళ్లు పోసి స్నానం చేయించింది మా అత్త. నేను పొడి చీరె కట్టుకుని వచ్చేసరికి ఎల్లయ్య వాకిలి బయట, రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు, ఆయనా అడుగు వేయలేదు.

"ఎండన పడొచ్చిండు, నీళ్లు పొయ్యి. చెంబు పైకి పట్టు" అంది అత్త.

చెంబు తీసుకుని వాకిలి దాకా వచ్చాను. 'లోపలికి రా, అన్నా' అని నోటి దాకా వచ్చింది. మా ఆయన చూస్తున్నాడు, అత్త చూస్తోంది, ఎదురింటివాళ్లు చూస్తున్నారు. ఎల్లయ్య దోసిలి పట్టాడు. మూరెడు ఎత్తు నుంచి నీళ్లు పోశాను. నీళ్లు పక్కకు పోయాయి.

"జర ఎత్తుకెల్లి పొయ్యి, నీ మీద పడ్తయ్" అన్నాడు ఆయనే.

తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "పోయొస్త చెల్లే" అని బండెక్కాడు. గద్దలు బండి వెంట పోయాయి.

"గాయనేంది, నిన్ను చెల్లె అంటడు?" అని అడిగింది అత్త.

నేను చెంబు తీసుకుని లోపలికి పోయాను.